ముత్తమ్మ చేపలు, శృతి గోలీ

తూంకుంట సంతలో ముత్తమ్మ దగ్గర చేప కొనాలంటే ముందు ఆమె ఉపన్యాసం వినాలి. మొప్పలెత్తి చూపిస్తుంది, కళ్లు ఎంత మెరుస్తున్నాయో చూడమంటుంది, బేరమాడితే మొహం తిప్పేసుకుంటుంది. నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం ఆమె చేత చీవాట్లు తింటూనే ఆ చేపలూ తింటున్నాను.

ఆమె మనవరాలు శృతి నాలుగో తరగతి. ఐదు నిమిషాలు ఒకచోట కూర్చోలేదు. ఏ పరీక్షకైనా అందరికంటే ముందు, అరగంటకే బయటికి వచ్చేసేది. పేపరు సగానికి పైగా ఖాళీ. పిల్లల డాక్టరు బాగా పరీక్షించి ఏడీహెచ్‌డీ అని చెప్పి, రోజూ పొద్దున వేయమని ఒక గోలీ రాశాడు. వాళ్లమ్మ అడిగితే, చేపనూనె మాత్రలు కూడా ఇవ్వొచ్చు, వాటివల్ల మేలు ఉంటే కొద్దిగా ఉంటుంది, గోలీ మాత్రం మానొద్దు అన్నాడు.

ముత్తమ్మ చెవికి ‘చేప’ ఒక్కటే ఎక్కింది. నెల తిరిగేసరికి శృతి కుదురుగా కూర్చుంటోందని టీచరు మెచ్చుకుంది. ఇక ముత్తమ్మను పట్టుకోగలమా! తన గంపలో సరుకే మందని సంతంతా చాటింది. కొడుకూ కోడలూ గుండ్లపోచంపల్లి గోదాములో పనికి పొద్దున్నే వెళ్లిపోతారు కాబట్టి పిల్లకు గోలీ వేసేది ఈమే. అది మానేసి, మూడు పూటలా బొచ్చె చేప పులుసు పెట్టింది.

పది రోజుల్లో బడి నుంచి కబురొచ్చింది. పిల్ల మళ్లీ మొదటికొచ్చింది, పెద్ద పరీక్ష కూడా ఖాళీగా ఇస్తే వేరే బడి చూసుకోండి అని.

ఆ సాయంత్రం ముత్తమ్మ మా గుమ్మంలో నిలబడింది.

“సారూ, తప్పు జేసిన. గోలీలన్ని బియ్యం డబ్బల దాసిన. కోడలికి ఎట్ల జెప్పాలె?”

నాకు ఒళ్లు మండింది. నాలుగేళ్లకు నా వంతు వచ్చిందని గట్టిగానే చీవాట్లు పెట్టి, కోడలికి నేనే ఫోన్ చేశాను. ఆమె డాక్టరుతో మాట్లాడి మర్నాడే గోలీ మళ్లీ మొదలుపెట్టించింది.

మూడు వారాలకు పెద్ద పరీక్ష. ఆ రోజు ముత్తమ్మ గంప ముట్టలేదు. నా స్కూటరెక్కి బడి గేటు ముందు దిగింది. అరగంట గడిచింది, శృతి రాలేదు. గంట గడిచింది. టీ తాగి వద్దామంటే నా చొక్కా పట్టుకుని ఆపేసింది. గంటన్నరకు బెల్లు మోగింది. పిల్లలంతా బిలబిలమంటూ వచ్చేశారు. శృతి జాడ లేదు.

చివరికి వచ్చింది, వేళ్లనిండా సిరాతో, మొహం ముడుచుకుని.

“అవ్వా, టీచర్ పేపరు గుంజుకున్నది. ఇంకొక్క లెక్క ఉండె.”

ముత్తమ్మ తొమ్మిదేళ్ల పిల్లను అమాంతం ఎత్తుకుంది. ఏడుస్తూ, నవ్వుతూ, దారినపోయేవాళ్లందర్నీ ఆపి చెప్పింది.

“మా పిల్ల అందరికంటె ఆఖరుకొచ్చింది.”