ఉట్టెక్కిన సీసా

మా దాదా మూత్రం సీసాని ఉట్టెక్కించింది నేనే. తప్పు ఒప్పుకుంటున్నాను. కానీ బెల్లం ఊళ్లో పుట్టినవాడు ఇంకేం చేస్తాడు? అనకాపల్లిలో నేలమీద ఏది పెట్టినా చీమలే. మా ఇంట్లో దగ్గు మందు కూడా ఉట్టి మీదే ఉంటుంది.

దాదా, అదే మా తాత అల్లావుద్దీన్, మా బెల్లం కొట్లో పాకం మరక మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆస్పత్రిలో కాలికి ఇసుక సంచులు ఆనించి, కదలకుండా పడుకోబెట్టారు. మూత్రం రాకపోతే డాక్టరుగారు రబ్బరు గొట్టం వేసి, దాని చివర సీసా తగిలించి మంచం కింద పెట్టించారు. సీసా చుట్టూ చీమలు చేరాయి. నేను కిటికీ ఊచకి ఉట్టి కట్టి, సీసాని అందులో కూర్చోబెట్టాను. పక్క మంచం త్రినాధరావుగారు శభాష్ కూడా అన్నారు.

అంతలో నర్సు లూర్దు మేరీ వచ్చింది. ఆవిడది పూడిమడక. అలల హోరు మీద కేకలేసి పెరిగిన గొంతు. ఒక్క అంగలో వచ్చి గొట్టాన్ని మడిచి నొక్కిపట్టింది.

"ఏటిరా ఈ పని? సీసాలోది మళ్లీ ముసలాయన కడుపులోకి ఎల్లిపోయి జొరం రాదా? ఆ మూల మంచం తాత అలాటి జొరంతోనే పోయేడు!"

"చీమలు, నర్సమ్మా..."

"మీ ఇంట్లో బెల్లం కుండ కింద నీళ్ల పళ్లెం పెట్టరేటి?"

సీసా దిగి నీళ్ల పళ్లెంలో కూర్చుంది. నాకు శిక్ష పడింది. సబ్బుతో చేతులు కడుక్కోవాలి, గొట్టం మెలిపడకుండా చూడాలి, సీసా నిండకముందే ఖాళీ చెయ్యాలి. తను సెలవు పెడితే ఎవరూ పట్టించుకోవడం లేదని, ప్రతి మంచం తాలూకు మనిషికీ ఆవిడే ఈ పని నేర్పేది. వాళ్లు ఇంటికెళ్లేముందు కొత్తవాళ్లకి నేర్పాలి, లేకపోతే గుమ్మం దాటనివ్వదు. యుద్ధం మూలంగా కిరసనాయిలు కరువైతే, పొయ్యిలోకి చెరకు పిప్పి తెప్పించి మరీ గొట్టాలు మరగబెట్టింది. రోజూ డాక్టరుగారిని మాత్రం వదిలేది కాదు: "ఇంకా ఎందుకండీ ఈ గొట్టం? తీసీమంటారా?"

దాదాకి జ్వరమొస్తుందేమోనని నేను ఊరికే నుదురు తడుముతూ కూర్చున్నాను. "పడుకోనీరా, సైతాన్!" అని ఆయన నా చెయ్యి తోసేశాడు. జ్వరం రాలేదు. గొట్టం తీశాక తనంతట తనే పోసుకుని, వార్డంతా అదిరేలా "అల్హమ్‌దులిల్లా" అన్నాడు.

త్రినాధరావుగారికీ గొట్టం పడింది. వాళ్లబ్బాయి కన్నబాబుకి పాఠం నేనే చెప్పాను. ఆ ఊపులో నోరూరుకోక, "నేను ఉట్టి కట్టబట్టే కదా నర్సమ్మా, వార్డంతటికీ బుద్ధొచ్చింది!" అన్నాను.

"అవున్నాయనా. ఇంకోపాలి సీసా పైకెక్కిందా, దాని పక్కన నిన్నూ కట్టీసి ఏలాడదీత్తాను. ముందు సేతులు కడుక్కో."