ఏడో డైలాగు

మామయ్య నాటికలో నాకున్నవి ఏడే డైలాగులు. అందులో ఆరుసార్లు "సరే" అంటే చాలు. ఏడోది మాత్రం పూర్తి వాక్యం. ఇల్లు పంచుకుంటున్న అన్నదమ్ములు, పెళ్ళికాని చెల్లెలు ఎవరి దగ్గర ఉండాలో తేలక కొట్టుకుంటుంటారు. అప్పటిదాకా తల వంచుకున్న ఆ పిల్ల చివర్లో తలెత్తి, "నేనెక్కడుండాలో నన్నడగండి" అనాలి. అంటే నాటిక నిలబడుతుంది. అనకపోతే మూడు నెలల రిహార్సళ్ళు గోదాట్లో కలిసినట్టే.

నిజానికి ఆ వేషం నాది కాదు. వేయాల్సిన అమ్మాయికి ఒంట్లో బాగాలేకపోవడంతో, భీమవరంలో నాటికల పోటీ ఇంకో వారం ఉందనగా మామయ్య రామచంద్రపురంలోని మా ఇంటికి వచ్చాడు. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. ఫోన్లెత్తే పని ఉండదన్నారు కాబట్టే చేరాను. ఇంటికి ఎవరొచ్చి నన్నేం అడిగినా అమ్మే చెప్పేది. ఏం చదివానో, ఎక్కడ చేస్తున్నానో, ఆఖరికి కాఫీలో పంచదార ఎంత కావాలో కూడా. "దానికి మొహమాటమండి" అని ముందే సర్దిచెప్పేసేది. నాకూ అది హాయిగానే ఉండేది, అబద్ధమెందుకు.

"నువ్వు నటించక్కర్లేదే. ఇంట్లో ఎలా ఉంటావో అలా నిలబడు చాలు" అన్నాడు మామయ్య. నా తరఫున అమ్మ ఒప్పేసుకుంది.

మొదటి రిహార్సల్లోనే తేలింది, నిజంగా బెదిరిపోయేవాళ్ళు బెదురు వేషానికి పనికిరారని. నా "సరే" పక్కనున్నవాళ్ళకే వినబడలేదు. మామయ్య కాసేపు తల పట్టుకుని, ఒక ఉపాయం ఆలోచించాడు. స్టేజీ పైన వేలాడదీసే మైకుల్లో ఒకదాన్ని నేను నిలబడే చోటికి బాగా దగ్గరగా, పక్క తెరకి ఆనించినట్టు కట్టించాలనుకున్నాడు. పోటీ రోజున అలాగే కట్టించాడు కూడా. ఆ తెర వెనకాలే స్క్రిప్టు పట్టుకుని ప్రాంప్టింగ్ ఇచ్చేది తనేనన్న సంగతి మాత్రం మరిచిపోయాడు. హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైరైన మనిషి. ఆయన గుసగుసలాడినా గ్రౌండు అవతలి గట్టు దాకా వినబడుతుంది.

తల్లి వేషం వేసినావిడ రాజమండ్రి నుంచి వచ్చారు. ఊరూరా ప్రదర్శనలుండే ఆర్టిస్టు. డైలాగులన్నీ బస్సులోనే నోటికి పట్టేసి, ఒక్క రిహార్సల్‌కి వచ్చి వెళ్ళారు. భయపడకని ఆవిడ నాకు చెప్పలేదు. పోటీ రోజు నా జడ సరిచేస్తూ, పొద్దున ఏం తిన్నావని అడిగారు. పక్కన అమ్మ లేదు కాబట్టి నేనే చెప్పాల్సి వచ్చింది. పెసరట్టు అన్నాను.

సాయంత్రం తెర లేచింది. ఆరు "సరే"లు గట్టెక్కాయి. అన్నలిద్దరి గొడవా అయిపోయింది. నా వంతు వచ్చింది. తలెత్తాను. ఆ వాక్యం తప్ప ప్రపంచంలోని వాక్యాలన్నీ గుర్తొచ్చాయి. నేను ఎంతకీ కదలకపోయేసరికి మామయ్య ఆగలేకపోయాడు. "నేనెక్కడుండాలో నన్నడగండి" అని, నా కోసం కట్టించిన మైకులోంచి, ఆయన మగ గొంతు హాలంతా మోగింది.

జనం గొల్లున నవ్వారు. ప్రాంప్టింగ్ వినబడితే మార్కులు పోతాయి. మార్కుల సంగతి సరే, నాకు అక్కడికక్కడే భూమి చీలితే బాగుండనిపించింది.

అప్పుడు ఆ తల్లి వేషం ఆవిడ తెర వైపు తిరిగారు. ఏమాత్రం తొణక్కుండా, "చూశారా? ఈ ఇంట్లో దాని మాట కూడా ఇంకొకళ్ళే చెప్పేస్తారు" అన్నారు. తర్వాత నా దగ్గరికొచ్చి గడ్డం పట్టుకున్నారు. "నువ్వు చెప్పమ్మా."

నవ్వులు ఆగిపోయాయి. నేను ఆవిడ భుజం మీదుగా చూశాను. మూడో వరసలో అమ్మ. రిహార్సళ్ళకి నాతో వచ్చి వచ్చి తనకీ ఆ వాక్యం వచ్చేసింది. శబ్దం రాకుండా పెదవులు కదుపుతూ నా బదులు చెప్పేస్తోంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ రెండూ కలిసిన గొంతుతోనే చెప్పాను. చివరి వరస దాకా వినబడిందని చప్పట్లు చెప్పాయి.

లోపలి నుంచి మగ గొంతు వినిపించడం గొప్ప ఆలోచనని ఒక జడ్జిగారు మెచ్చుకున్నారు. మామయ్య వినయంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రాజమండ్రి బస్సుకి పరుగు పెడుతున్న ఆవిడకి నేను దణ్ణం పెట్టబోతే, "మరీ లేటు చేశావమ్మా, ఈసారి తొందరగా చెప్పు" అన్నారు. ఆ తర్వాత మళ్ళీ కలవలేదు. ఇప్పుడు మా ఆఫీసులో ఫోన్లెత్తేది నేనే. ఎత్తినప్పుడల్లా కాకపోయినా, చాలాసార్లు ఆవిడని తలుచుకుంటాను.

ఆ సాయంత్రమే హాలు బయట టీ తాగుతుంటే ఒక పెద్దావిడ నన్ను ఆపి, "ఏం చేస్తుంటావమ్మా?" అని అడిగారు. "మా అమ్మాయండీ..." అని మొదలుపెట్టిన అమ్మ ఠక్కున ఆగిపోయింది. నా వైపు చూసింది. నేను మొదలుపెట్టాను. ఏం చదివానో, ఎక్కడ పని చేస్తున్నానో, టీలో పంచదార తక్కువైందని కూడా చెప్పాను. నేను ముగించేదాకా అమ్మ తన గ్లాసు నోటిదాకా ఎత్తలేదు.