పైడితో విండ్సర్ దారిలో

పెద్ద పిల్లలను దత్తత తీసుకోవడానికి ఇండియా వెళ్దామనుకునేవాళ్ళు ఈ మధ్య మమ్మల్ని వివరాలు అడుగుతున్నారు. ముందుగా మేము ఎందుకు బయల్దేరామో చెబుతాను. మేముండేది కెనడాలో. మా ఆయన శ్రీధర్ విండ్సర్‌లో కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు, నేను యూనివర్సిటీ లైబ్రరీలో పని చేస్తాను. ఇద్దరికీ నలభై ఐదు దాటాయి. పసిపిల్లల కోసం ఎదురుచూసేవాళ్ళు చాలామందే ఉన్నారనీ, ఎనిమిది పదేళ్ళ పిల్లల్ని అడిగేవాళ్ళే తక్కువనీ దత్తతకి ముందు మా ఇంటినీ మమ్మల్నీ చూసి రిపోర్టు రాయడానికి, అదే హోమ్ స్టడీకి, వచ్చినావిడ మాటల మధ్యలో అంది. ఆ రోజు నుంచి మాకు ఇంట్లో కాలు నిలవలేదు. అప్లై చేశాం. మూడేళ్ళకి విజయనగరం దగ్గరి బాలికల హోమ్ నుంచి ఒక ఫోటో వచ్చింది. పేరు పైడితల్లి, వయసు పదేళ్ళు, అందరూ పైడి అంటారట.

వెళ్ళేటప్పుడు టొరంటో నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి విశాఖ. తేదీ మార్చుకునే వీలున్న టికెట్లే కొనండి. రెండు వారాల్లో తిరిగొస్తామనుకున్న మాకు కాగితాలు ఆలస్యమై నెలన్నర పట్టింది. అద్దె గదిలో దిగి రోజూ సాయంత్రం పైడిని చూసి వచ్చేవాళ్ళం. మమ్మల్ని 'మేడమ్', 'సార్' అనేది. అడిగినదానికి జవాబు చెప్పేది, అంతే. తెలిసిన ఒక ఆంటీ, "కొన్నాళ్ళు పాత సంగతులు ఎత్తకండమ్మా, బెంగ పెట్టుకుంటుంది" అన్నారు. సబబుగానే తోచింది.

జనవరిలో ఒక తెల్లవారుజామున టొరంటోలో దిగాం. ఇమిగ్రేషన్ గదిలో పైడి కుర్చీలో కుదురుగా కూర్చోలేదు. లేచి గోడ గడియారం కిందికి వెళ్ళేది, మళ్ళీ వచ్చేది.

"ఇక్కడ టైమెంతయ్యింది మేడమ్?"

"ఏడున్నర."

"మరక్కడో?"

"సాయంత్రం ఆరు."

వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టుకుంది. మిగతా పిల్లల్లా కిటికీలోంచి మంచు చూడలేదు. పని పూర్తయ్యి, పార్కింగ్‌లోంచి కారు తీసి 401 హైవే ఎక్కేసరికి తొమ్మిదయింది. విండ్సర్‌కి ఎండ రోజుల్లో నాలుగు గంటలు, మంచులో మరో గంట కలుపుకోండి. వెనక సీట్లో పైడి, పక్కన నేను. సీటు వెచ్చగా ఉందా అని అడిగాను, జంతికలు ఇచ్చాను, పాటలు పెట్టమన్నాను, ఆపమన్నాను. పైడి మాత్రం, "అక్కడ రాత్రయిపోయిందేటి?" అని మళ్ళీ అడిగింది. శ్రీధర్ అద్దంలోంచి నా వైపు చూశాడు. వెనక్కి వెళ్ళిపోవాలని ఉంది కాబోలు అనుకుని, నేను మాట మార్చి రోడ్డు పక్క గడ్డివాములు చూపించాను. అవి మంచు కింద కనిపించడం లేదని అప్పుడు గమనించాను.

లండన్ అనే పేరుతో ఇక్కడా ఒక ఊరుంది, అది ఇంకా రాకముందే ఒక రెస్ట్ స్టాప్‌లో ఆగాం. శ్రీధర్ పెట్రోలు కొట్టించడానికి వెళ్ళాడు. మేమిద్దరం వాష్‌రూమ్‌కి వెళ్ళాం. నేను బయటికి వచ్చి చూస్తే పైడి లేదు.

ఒక్కో తలుపూ తట్టాను. పేరు పెట్టి అరిచాను. లోపల తిరుగుతున్నవాళ్ళంతా ఆగి చూశారు. ఫోన్ చేయగానే శ్రీధర్ జాకెట్ కూడా వేసుకోకుండా లారీలు నిలిపే వైపు పరుగెత్తాడు. బయట మంచు. ఆ పిల్లకి ఇంగ్లీషు రాదు.

చివరికి కాఫీ కౌంటర్ పక్కన కనిపించింది. ఏప్రన్ కట్టుకున్న ఒక అమ్మాయి నేల మీద గొంతుక్కూర్చుని తన ఫోన్ పైడి చెవి దగ్గర పట్టుకుంది.

"మీ పాపనా అక్కా? పరేషాన్ గాకుండ్రి. నేను బ్రేక్‌ల మా అమ్మతోని మాట్లాడుతుంటే విని వచ్చింది. ఒక్క ఫోన్ చెయ్యాలె అంటున్నది. నంబర్ నోటికే చెప్పింది" అంది. పేరు లావణ్య, కరీంనగర్ అమ్మాయి, లండన్‌లో చదువుకుంటూ వీకెండ్స్ ఇక్కడ పని చేస్తోంది.

పైడి నా ముఖం చూసి భయపడింది. "నానెక్కడికీ పారిపోనేదు మేడమ్. ఇమానం దిగ్గానే ఫోన్ సేత్తానని చిట్టికి సెప్పాను. తొమ్మిదికి లైట్లు తీసేత్తారు. అది పడుకోదు."

"చిట్టి ఎవరు?"

"నా పక్కలో పడుకుంటాది. అయిదేళ్ళు."

నెలన్నర రోజూ వెళ్ళాం. ఈ పేరు మేము ఎప్పుడూ వినలేదు. ఇంతలో అవతల హోమ్‌లో ఆయమ్మ సూరమ్మ ఫోన్ ఎత్తింది. లావణ్య స్పీకర్ పెట్టింది.

"వచ్చీసినారా అమ్మా? ఈ చిట్టి గుంట గుమ్మంలోనే కూకుండిపోనాది. అన్నం తిననంటంది. ఇదిగో, ఇత్తన్నాను."

"ఒసే, నానే," అంది పైడి. గొంతు పెద్దదానిలా ఉంది. "వచ్చేసినాను. ఇక్కడంతా మంచే. నువ్వు అన్నం తినేసి దుప్పటి కప్పుకో. రేపు మల్లీ సేత్తాను." ఆ చివరి మాట అంటూ నా వైపు చూసింది. తలూపాను. అప్పటికి శ్రీధర్ కూడా వచ్చి, తల మీద మంచుతో నిలబడి వింటున్నాడు.

ఫోన్ పెట్టేసే ముందు సూరమ్మ నాతో అంది: "అది ఎవుల్నీ ఏటీ అడగదమ్మా. మీరే అడగాల."

లావణ్య ఒక హాట్ చాక్లెట్ తెచ్చి పైడి చేతిలో పెట్టింది. "నేను దిగిన రోజు నా ఫోన్‌ల ఛార్జింగ్ లేకుండె అక్కా. మా అమ్మ తెల్లారేదాక కూసున్నది" అని మళ్ళీ కౌంటర్ వెనక్కి వెళ్ళిపోయింది.

అక్కడి నుంచి విండ్సర్ దాకా పైడి మాట్లాడుతూనే ఉంది. చిట్టికి పేలు ఎక్కువట, ఉరుమంటే భయమట. నది ఒడ్డుకి రాగానే అవతల డెట్రాయిట్ భవనాలు చూసి అదేం ఊరని అడిగింది. అది వేరే దేశమని శ్రీధర్ చెప్పాడు. "మల్లీ ఇమానం ఎక్కాలేటి?" అని కంగారు పడింది. ముగ్గురం మొదటిసారి కలిసి నవ్వాం.

ఇది జరిగి ఏడాది కావస్తోంది. 'మేడమ్' పోయి 'అమ్మా' ఎప్పుడు వచ్చిందో గమనించలేదు. చేతి తొడుగు ఒకటి పోయిన రోజు గుమ్మంలోంచి కేకేసింది, అప్పుడనుకుంటా. చిట్టిని మాత్రం వేసవిలో ఒక కుటుంబం దత్తత తీసుకుంది. వాళ్ళ వివరాలు హోమ్ వాళ్ళు చెప్పకూడదు. మా నంబరు వాళ్ళకి అందజేయమని అడిగాం. అంతకుముందు చిట్టితో మాట్లాడుతూ వచ్చిన ఆదివారాల్లో పైడి ఇప్పటికీ నా ఫోన్ పక్కనే తిరుగుతుంటుంది. పిల్లని తెచ్చుకోవడమంటే ఆమె వదిలొచ్చిన మనుషుల్ని కూడా మన ఇంట్లోకి తెచ్చుకోవడమేనని ఇప్పుడు అర్థమైంది. ఆ కుటుంబం ఇది చదివితే బాగుండునని కూడా దీన్ని రాస్తున్నాను.

మీరు వెళ్తున్నట్టయితే ఒక్క సూచన. హోమ్ గేటు దాటే ముందే పిల్లని అడగండి, దిగగానే ఎవరికి ఫోన్ చేయాలని. ఆ నంబరు ఎక్కించుకుని, విమానాశ్రయంలో సామాను కోసం నిలబడి ఉండగానే ఫోన్ కలిపి ఇవ్వండి.