ఎల్లేశం నల్లకోట

మా బెల్లంపల్లి బజార్లో దేవదాస్ వీడియో గేమ్ దుకాణం పెట్టిన ఏడాది నా చాయ్ హోటల్‌కు శని పట్టింది. మా ఇద్దరివీ పక్కపక్క షట్టర్లు. అంతకుముందు బొగ్గుబాయిలో షిఫ్టు దిగిన కార్మికులు నా బెంచీల మీద కూర్చుని, ఒక్క చాయ్‌తో గంట గడిపి, యూనియన్ రాజకీయాలన్నీ తేల్చి లేచేవాళ్లు. తొంభై నాలుగులో దేవదాస్ రెండు టీవీలు తెచ్చి పెట్టగానే బెంచీలు ఖాళీ అయ్యాయి. మీసాలు నెరిసిన మనుషులు తెరమీది బొమ్మను ఎగిరించడానికి తామూ కుర్చీలోంచి ఎగురుతుంటే నాకు ఒళ్లు మండిపోయేది. తిట్టుకుంటూనే చాయ్ గ్లాసులు పట్టుకుని నేనూ వెళ్లి వాళ్ల వెనుక నిలబడేవాణ్ణి, అది వేరే సంగతి.

అక్కడ గిరాకీ అంతా ఒక్క ఆటకే. క్యాసెట్ మీద ఏదో పరాయి లిపి ఉండేది, దాని అసలు పేరు ఎవరికీ తెలియదు. మేము కోటల ఆట అనేవాళ్లం. గుర్రం మీద ఒక రౌతు ఒక్కో కోటా దాటుకుంటూ పోవాలి. ప్రతి కోటకు ముందు తెరమీద దారి పటం వస్తుంది. ఆ పటం చివర నల్లకోట ఉంటుంది. దాన్ని పటంలో చూసినవాళ్లే గానీ లోపలికి పోయినవాళ్లు లేరు. దానికి ముందున్న ఊగే వంతెన మీదే అందరి రౌతులూ చచ్చేవాళ్లు. ఆ వంతెన దాకా పోవడానికే గంట పైన పట్టేది. ఈలోపు బజారు కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచే.

ఆ ఆట మీద ప్రాణం పెట్టుకున్నవాడు ఎల్లేశం. బాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే టింబర్‌మన్. యాభైకి దగ్గరపడ్డ మనిషి, మాట తక్కువ. షిఫ్టు దిగి, స్నానం చేసి, తెల్ల చొక్కా తొడుక్కుని గుడికి వచ్చినట్టు వచ్చేవాడు. అతను ఆడుతుంటే రెండో టీవీ దగ్గరివాళ్లు కూడా తమ ఆట ఆపి చూసేవాళ్లు. ఒకరోజు టీవీలో బొమ్మ ఉంది గానీ శబ్దం పోయింది. ఎల్లేశం వెంటనే లేచి, ఇవ్వాళ మనసు లేదని వెళ్లిపోయాడు. ఆటగాడికి ఇంత టెక్కా అని నేను దేవదాస్‌తో అన్నాను.

అతని ఇంట్లో సంగతి వేరు. కూతురు అనసూర్య పిల్లలతో పుట్టింట్లోనే ఉంటోంది. అల్లుడు ముత్యం ఆదిలాబాద్‌లో పత్తి జిన్నింగు మిల్లులో పని చేసేవాడు. పత్తి ఉన్నన్నాళ్లే అక్కడ పని, తర్వాత మిల్లు మూత, ముత్యం కూలి కోసం ఊళ్లు పట్టి తిరగడం. ఆ పిల్లలకు తండ్రి ముఖం పండుగకో పబ్బానికో కనిపించేది. ముత్యానికి బొగ్గుబాయి కంపెనీలో నౌకరీ దొరికితే ఆ సంసారం ఒక్కచోట నిలబడుతుంది. దానికి ఒకటే దారి ఉంది. ఎల్లేశం ఇక పనికి పనికిరాడని మెడికల్ బోర్డు రాయాలి. అన్‌ఫిట్ అయినవాడి బదులు ఇంట్లో ఒకరికి నౌకరీ ఇస్తారు.

ఎల్లేశం కళ్లు కనిపించడం లేదని దరఖాస్తు పెట్టుకున్నాడు. కారణం కూడా ఉంది. లోపల ఒక దుంగ చీలి ఉన్నది అతనికి కనిపించలేదు. దాని కిందే నిలబడి సుత్తెతో కొడుతున్నాడు. జోడీదారు సారయ్య చూసి, రెక్క పట్టి గుంజితే బతికాడు. వాళ్లిద్దరూ ఇవతలికి రాగానే అక్కడ పైకప్పు దిగింది. ఆ తర్వాత ఎల్లేశం అన్నం సరిగ్గా తినలేదని, రేపు నా చేతుల్లో ఎవడన్నా చచ్చిపోతే ఎట్లా అని ఒకటే అంటున్నాడని భార్య రాజక్క నా హోటల్ ముందు నిలబడి చెప్పింది. కొండగట్టు అంజన్నకు మొక్కుకున్నానని కూడా చెప్పింది.

కానీ కళ్లు కనిపించని మనిషి గుర్రపు రౌతును అన్ని కోటలు ఎట్లా దాటిస్తాడు? ఈ ప్రశ్న బజారంతా తిరిగింది. నిజం చెప్పాలంటే నాకూ నమ్మకం లేదు. నౌకరీ కోసం నాటకమేలే అనుకున్నాను, దాన్ని తప్పు అని కూడా అనుకోలేదు. ఈ మాట చివరికి కంపెనీ ఆసుపత్రిలో కళ్ల విభాగంలో పనిచేస్తూ బోర్డుకు కళ్ల రిపోర్టు రాసే దామోదర్‌రావు చెవిన పడింది. ఆయన ముక్కుసూటి మనిషి. నేనే పోయి చూస్తాను అన్నాడట.

ఆ సంగతి తెలిసి సారయ్య పరుగున వచ్చాడు. నా ముందే ఎల్లేశాన్ని పట్టుకున్నాడు.

“బోర్డు అయ్యేదాంక ఇటుదిక్కు రాకు ఎల్లన్నా. నీ అల్లుని నోట్ల మన్ను కొట్టుకుంటవా?”

“బోర్డు అయినంక వస్తె మంది ఊకుంటరా? అప్పుడు అసలుకే రావద్దు,” అన్నాడు ఎల్లేశం. “బాయిల నాకు కండ్లు ఆనుతలేవు. గీడ ఆడుతున్న. రెండూ నిజమే. జర గీ ఒక్క ఆట తెగనియ్యి.”

ఇంత మొండితనం ఎక్కడా చూడలేదు. నాకు కోపం వచ్చింది, భయమూ వేసింది.

బోర్డుకు రెండు రోజుల ముందు, పట్టపగలు, ఎల్లేశం ఆటకు కూర్చున్నాడు. కరెంటు నిలకడగా ఉంది. ఒక్కో కోటా దాటుతున్నాడు. నేను స్టవ్ మీద పాలు మరిచిపోయి నిలబడ్డాను. వంతెన వచ్చింది. అది ఊగే ఊపుకు రౌతు ముందుకు, వెనక్కు, మళ్లీ ముందుకు పోతున్నాడు. సరిగ్గా అప్పుడు గుమ్మంలో నీడ పడింది.

దామోదర్‌రావు. గుమ్మంలో, టీవీకి ఒక పక్కగా, ఎల్లేశానికి దాదాపు ఎదురుగా నిలబడి చేతులు కట్టుకున్నాడు. దేవదాస్ గట్టిగా దగ్గాడు. సారయ్య ఎల్లేశం భుజం నొక్కాడు. ఎల్లేశం ఆ చేతిని విదిలించుకున్నాడు. తల ఎత్తి గుమ్మం వైపు ఒకసారి చూశాడు కూడా. ముఖంలో ఏ మార్పూ లేదు. మళ్లీ తెర వైపు తిరిగి ఆడుతూనే ఉన్నాడు. పిచ్చి గానీ పట్టిందా ఈ మనిషికి అనుకున్నాను. ముత్యం నౌకరీ, అనసూర్య సంసారం అన్నీ ఆ వంతెన మీద ఊగుతున్నాయి.

వంతెన దాటేశాడు. అంతవరకు ఎన్నడూ వినని సంగీతం మొదలైంది. నల్లకోట అని ఎవరో గొణిగారు. నేను దామోదర్‌రావు ముఖం మీంచి చూపు తిప్పలేకపోయాను. ఆయన కనుబొమలు ముడిపడుతున్నాయి. ఎల్లన్నా ఓడిపో, దండం పెడతా ఓడిపో అని లోపల మొత్తుకుంటున్నాను. అంతలోనే రౌతు చచ్చిన చప్పుడు వినిపించింది. వెంటనే మళ్లీ, ఆ వెంటనే ఇంకోసారి. తిరిగి చూసేసరికి ఆట అయిపోయి తెర మొదటికి వచ్చింది.

ఎల్లేశం బటన్ల డబ్బా కింద పెట్టి లేచాడు. గుమ్మంలో దామోదర్‌రావును రాసుకుంటూ, నమస్తే అయినా చెప్పకుండా బయటికి నడిచాడు. దామోదర్‌రావు అతను పోయినవైపు చాలాసేపు చూసి వెళ్లిపోయాడు. ఇక అయిపోయింది అనుకున్నాం. రాజక్క ఆ రెండు రోజులు మా బజారుకు రాలేదు.

బోర్డు ఎల్లేశాన్ని అన్‌ఫిట్ చేసింది. కొన్ని నెలలకు ముత్యం కంపెనీలో చేరాడు, పిల్లలు తండ్రితో కలిసి తింటున్నారు. ఇక నా నోరు ఆగుతుందా? చేతికి అందిన నల్లకోటను అల్లుడి కోసం వదిలేసిన మొనగాడని, దామోదర్‌రావు కళ్లముందే ఓడి చూపించాడని, వచ్చిన ప్రతి గిరాకీకి చాయ్‌తో పాటు ఈ కథ పోశాను. ఊరంతా మెచ్చుకుంది, కానీ బోర్డు సంగతి మళ్లీ రేగుతుందని ఎల్లేశం ముందు ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎల్లేశం మాత్రం ఆ దుకాణం గడప తొక్కలేదు.

ఒక సాయంత్రం మనవరాలి చెయ్యి పట్టుకుని నా హోటల్‌కు వచ్చాడు. బెంచీని తడిమి కూర్చున్నాడు. గ్లాసు చేతిలో పెట్టి నేను వేళాకోళం మొదలుపెట్టాను.

“దామోదర్‌రావును ఎదురుంగ చూసుకుంట గూడ చెయ్యి వణకకుంట ఆడినవు. గంత గుండె ఎవలికుంటదే ఎల్లన్నా?”

ఎల్లేశం నా మాట వచ్చిన వైపు ముఖం తిప్పాడు. “దామోదర్‌రావు గీడికి వచ్చిండా? ఎప్పుడు?”

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

అప్పుడు చెప్పాడు. ఏడాది నుంచే తెరమీద రౌతు మసక మసకగా తప్ప కనిపించడం లేదట. బాగా కనిపించిన రోజుల్లో నేర్చుకున్న ఆట కాబట్టి సంగీతం చెవిన పడుతుంటే వేళ్లు వాటంతట అవే పోయేవట. వంతెనను కూడా చచ్చి చచ్చి చెవితోనే పట్టుకున్నాడట.

“నేను ఇడిసిపెట్టలే తమ్మీ. వంతెన దాటినంక పాట మారింది. కొత్త పాట. ఏడ దుంకాల్నో నాకేమెరుక?”

అతను కొంచెం ముందుకు వంగాడు.

“నువ్వు చూసినవు గద. నల్లకోట లోపట ఎట్లుంటదో జర చెప్పు.”

చెప్పబోయి ఆగిపోయాను. నాకు కనిపించింది దామోదర్‌రావు కనుబొమలు మాత్రమే. పక్క షట్టర్‌లోకి వెళ్లి దేవదాస్‌ను అడిగాను. తానూ గుమ్మం వైపే చూస్తూ ఉన్నానన్నాడు. సారయ్య అక్కడే ఉంటే అతన్నీ అడిగాను. అతను తల దించుకున్నాడు. తిరిగి వచ్చి ఎల్లేశం పక్కన కూర్చున్నాను. నాకు ఏడుపు వచ్చింది.

“ఎవ్వలం చూడలే ఎల్లన్నా. అందరం ఆయన మొకమే చూసుకుంట నిలబడ్డం.”

గ్లాసు అంచు మీద ఎల్లేశం బొటనవేలు ఏదో కొత్త పాటకు తగ్గట్టు రెండుసార్లు కదిలి, ఎటు పోవాలో తెలియక ఆగింది. తర్వాత చాయ్ తాగేసి, మనవరాలి చెయ్యి పట్టుకుని ఇంటికి పోయాడు.