వాకబు నడక

నాకు చేపల వాసన పడదు. ఏదో సుకుమారం కొద్దీ అంటున్న మాట కాదు, నిజంగానే కడుపులో దేవుతుంది. అలాంటిదాన్ని ఒక శనివారం ఎండలో, శాన్ హోసేలో వియత్నాం వాళ్ళ కొట్లుండే వీధుల్లో, ఫోన్‌లో మ్యాప్ పట్టుకుని రెండున్నర గంటలు నడిచాను. గైడ్ లేకుండా మనంతట మనమే తిరిగే వాకింగ్ టూర్ అట. నన్నెవరూ జుట్టు పట్టుకుని లాక్కెళ్ళలేదు. నా కాళ్ళతో నేనే వెళ్ళాను. అందుకే ఆ రోజు గుర్తొచ్చినప్పుడల్లా ఎవర్ని తిట్టాలో తెలియక నన్నే తిట్టుకుంటాను.

కారణం మా అమ్మాయి. ఇరవై తొమ్మిదేళ్ళది. శాంటా క్లారాలో ఉద్యోగం, అక్కడే విడిగా ఉంటుంది. ఆ ముందు వారం ఫ్రీమాంట్‌లో మా ఇంటికొచ్చి, వియత్నాం వాళ్ళబ్బాయిని పెళ్ళి చేసుకుంటానని చెప్పింది. మా ఆయన టీవీ కట్టేసి ఊరుకున్నాడు. నేను ఊరుకునే రకం కాదు కదా, అరిచాను. అది శాన్ హోసేలో వాళ్ళ టీ కొట్టనీ, వాళ్ళింటి సంగతులనీ ఏవో చెబుతూనే ఉంది. “అంకుల్...” అని రెండు మూడుసార్లు మొదలుపెట్టింది కూడా. వింటేనా? నా అరుపులు వినడానికే నాకు తీరిక చాలలేదు. చివరికి అది లేచి నిలబడింది.

“నెక్స్ట్ నెక్స్ట్ సండే వాళ్ళింట్లో లంచ్ అమ్మా. ఆంటీ కుక్ చేస్తుంది. నువ్వు, నాన్న రావాలి. బట్ వన్ థింగ్. అత్త చేస్తుంది కదా, వాకబు, అది చేయొద్దు. ప్రామిస్ చెయ్. ఈ ఒక్కసారి నిన్ను ట్రస్ట్ చేయాలి అనుకుంటున్నా.”

వాకబంటే మాకు పెళ్ళిచూపులకన్నా ముందు జరిగే తంతు. సంబంధం రాగానే అవతలివాళ్ళకి తెలియకుండా పాలవాణ్ణి, పక్కింటివాళ్ళని, ఆఫీసులో తోటి గుమాస్తాని పట్టుకుని, మనిషి ఎలాంటివాడు, తాగుతాడా, ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా అని ఆరా తీస్తారు. మా ఆడపడుచు, మా ఆయన అక్క, ఇందులో ఆరితేరిన మనిషి. అమెరికా వచ్చి పాతికేళ్ళయినా ఆ విద్య మర్చిపోలేదు. మా అమ్మాయికి వచ్చిన రెండు సంబంధాలు ఆవిడ వాకబు దెబ్బకే గాల్లో కలిసిపోయాయి. రెండోదాని సంగతి తెలిసినప్పుడు పిల్ల నెల రోజులు మా ఇంటి గడప తొక్కలేదు.

“సరే, ప్రామిస్,” అన్నాను. అది కారెక్కి వెళ్ళిన గంటకి టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో ఉన్న ఆ వదినకే ఫోన్ చేశాను.

శుక్రవారానికల్లా ఆవిడ ఫ్లైట్ దిగింది. కాఫీ కూడా పూర్తి చేయకుండా ఫోన్ నా ముందు పెట్టింది. “వాళ్ళకి తెలిస్తే కదమ్మా తప్పు! మనం టూరిస్టుల్లా వెళ్దాం. చూడు, నెట్‌లో ఎవరో రాసిపెట్టారు. వియత్నాం, కంబోడియా, లావోస్, ఫిలిప్పీన్స్, అన్నీ ఆ నాలుగు వీధుల్లోనే ఉన్నాయట. పదకొండు స్టాపులు. మనవాళ్ళ టీ కొట్టు ఆరో స్టాపు పక్కనే.”

ఏం చూడకుండానే ఆ అబ్బాయి వాళ్ళు “మనవాళ్ళు” అయిపోయారు, అదొకటి.

మా ఆయన తల గోక్కుంటూ, “పిల్లకి మాటిచ్చావు కదే,” అన్నాడు.

“మీరు డ్రైవ్ చేయండి చాలు,” అన్నాను. ఆయన చేశాడు. ముప్ఫై రెండేళ్ళుగా ఆ మనిషి నీతి అంతా ఇంతే, ఒక మాట అని కారు తాళాలు తీసుకోవడం.

ఆ టూర్ రాసినవాడెవడో గానీ వాడికి ముక్కు లేదు. “ఇది పరిమళాల పండుగ, మిస్సవ్వకండి” అని రాశాడు, మహానుభావుడు. మొదటి స్టాపు మార్కెట్. తలుపు తెరుచుకోగానే నీచు వాసన ముఖాన కొట్టింది. తొట్లలో చేపలు ఒకదాని మీద ఒకటి నోళ్ళు తెరుస్తున్నాయి. రబ్బరు బూట్ల మనిషి ఒకదాన్ని బయటికి లాగి నెత్తిన ఒక్కటిచ్చి, పేగులు తీసి బకెట్లో పడేశాడు. నేల మీద నీళ్ళు. ఆ నీళ్ళు నా చెప్పుల్లోకి వచ్చాయి. ఛీ! ఆ తడి కాళ్ళతోనే మిగతా స్టాపులన్నీ తిరగాలని తలచుకుంటే ఏడుపొచ్చింది. వదిన వలసంచుల్లో వేలాడుతున్న ముళ్ళకాయల్ని చూసి “పనసకాయలే!” అని మురిసిపోయి ముక్కు దగ్గర పెట్టుకుంది, అంతే, కొంగు నోట్లో కుక్కుకుని పరుగు తీసింది. డ్యూరియన్ అట, కుళ్ళిన ఉల్లిపాయల మీద చక్కెర పాకం పోసినట్టుంది ఆ కంపు.

రెండో స్టాపులో అద్దాల వెనక తలలతో సహా వేలాడుతున్న బాతులు. వాటి కళ్ళు మూసి ఉన్నాయి, అదొక్కటే అదృష్టం. మూడోది కంబోడియా దంపతుల డోనట్ కొట్టు, నాలుగోది ఫిలిప్పీన్స్ బేకరీ. అక్కడ ఊదారంగు రొట్టె ఒకటి కొనుక్కుని మా ఆయన నడుస్తూ తిన్నాడు. పేగుల బకెట్ చూసి పావుగంట కాకుండా ఆ మనిషికి ఆకలెలా వేసిందో! స్టాపుకీ స్టాపుకీ మధ్య పార్కింగ్ లాట్‌లే. నీడ లేదు, చెట్టు లేదు, నడిచే మనిషి లేడు. ఊరందరూ కార్లలో పోతుంటే మేం ముగ్గురం తప్పిపోయిన వాళ్ళలా ఫోన్ చూసుకుంటూ తిరిగాం.

అసలు రోత అది కూడా కాదు. దారి పొడుగునా మా వదిన ప్రశ్నలు. గోళ్ళకి రంగులేసే షాపు ముందు నిలబడ్డ ఒకావిడని ఆపి, “ఎక్స్‌క్యూజ్ మీ, దట్ టీ షాప్ ఫ్యామిలీ, గుడ్ పీపుల్?” అంది.

“గుడ్ టీ,” అందావిడ.

“నో నో, ఫ్యామిలీ! ఎనీ ఫైటింగ్ ఇన్ హౌస్? ఎనీ డ్రింకింగ్?”

ఆవిడ మమ్మల్ని పైనుంచి కిందికి చూసి లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. నగల షాపు గుమ్మంలో సెక్యూరిటీ మనిషిని కూడా వదల్లేదు. మా ఆయన ఇరవై అడుగుల దూరం జరిగి ఎవరో తెలియనట్టు నడిచాడు. నేను? సిగ్గుతో చచ్చిపోతున్నట్టు మొహం పెట్టి, చెవులు మాత్రం అటే వేశాను. గురివింద గింజకి తన కింద నలుపు తెలియదంటారు. నాకు తెలుసు, తెలిసీ ఆపలేదు.

ఐదో స్టాపు బౌద్ధుల గుడి. అక్కడ చెప్పులు విడిచి, దణ్ణం పెట్టుకుని, వదిన కాస్త మెత్తబడింది. “భక్తిపరులే, ఫరవాలేదు,” అంది. అలా ఫరవాలేదు అనుకుంటూనే టీ కొట్టులోకి వెళ్ళాం.

చిన్న కొట్టు. అద్దంలా తుడిచి ఉంది. పొద్దుటి నుంచి మొదటిసారి నా ముక్కుకి ప్రాణం లేచొచ్చింది. లోపలంతా టీ ఆకు, మల్లెల వాసన. కౌంటర్ వెనక నా వయసావిడ ఎవరికో ఎండు పూలు తూచి పొట్లం కడుతోంది. మమ్మల్ని చూసి తలూపి నవ్వింది. గుమ్మం పక్కన చెక్క అరమీద తెల్లజుట్టు పెద్దమనిషి ఫోటో, ముందు పూలు, అగరువత్తుల గిన్నె, చిన్న కప్పులో టీ, పళ్ళెంలో కమలాపళ్ళు.

“చూశావా, వీళ్ళకీ గురువుగారున్నారు!” అంది వదిన. ముఖం వెలిగిపోయింది. మన ఇళ్ళల్లో ఫోటోకి పూలూ అగరువత్తులూ పెడితే ఎవరో స్వామి అయి ఉండాలి కదా! ఆవిడ చేతులు జోడించింది. గిన్నెలో రాలిన అగరువత్తి బూడిద వేలితో తీసి నుదుట పెట్టుకుంది, తమ్ముడికి పెట్టింది, నాకూ పెట్టింది. తర్వాత ఒక కమలాపండు తీసుకుని కళ్ళకద్దుకుని, ఒలిచి, తలా రెండు తొనలు చేతిలో పెట్టింది.

“ప్రసాదం, తినండి.”

తిన్నాం. పుల్లగా, చల్లగా బాగుంది కూడా. అప్పుడు కౌంటర్ వెనక నుంచి ఆవిడ గబగబా వచ్చింది. ముఖంలో కోపం లేదు, కంగారుంది.

“యువర్ గురు?” అంది వదిన, చేతులు జోడించే ఉంచి.

“నో. మై హస్బెండ్,” అందావిడ. “త్రీ మంత్స్.”

“అయ్యయ్యో! చచ్చినాయనకి పెట్టిందా!” అని తెలుగులో కేకేసి, వదిన నోట్లోది చేతిరుమాల్లోకి ఉమ్మేసింది. పోయినవాళ్ళకి పెట్టింది మనలో కాకులు ముట్టాలి. మనుషులు తింటే పిండాకూడు, అంతకన్నా పెద్ద తిట్టు లేదు. నా నోట్లో ఆ రసం ఇంకా ఉంది. ఆవిడ పక్కనుంచే తోసుకుంటూ వెళ్ళి, కౌంటర్ దగ్గరున్న చెత్తబుట్టలో థూ అని ఉమ్మాను. ఒకసారి కాదు, మూడుసార్లు. మా ఆయన బుగ్గలో తొన పెట్టుకుని కాసేపు నిలబడి, మింగేశాడు.

“ఫ్రూట్ ఈజ్ బ్యాడ్?” అందావిడ. పండు కుళ్ళిందనుకుంది! “సారీ. నిన్ననే కొన్నాను, సారీ,” అంటూ నాకు నీళ్ళ గ్లాసు తెచ్చిచ్చింది. వదిన ఫోటో వైపు చూపించి తప్పయిందన్నట్టు ఏదో సైగ చేస్తే, ఆవిడకి అప్పటికి అర్థమై నవ్వింది. తప్పేం లేదని, అగరువత్తి కాలిపోయాక తామూ అందరూ తింటామని, అలా తింటే మంచి జరుగుతుందని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. “హీ లైక్ గెస్ట్స్,” అంది.

నేనప్పటికే ఉమ్మేశాను. గ్లాసు తిరిగి ఇస్తుంటే ఆవిడ నా ముఖం వైపు కాస్త ఎక్కువసేపే చూసింది.

“ఎక్కడి నుంచి వచ్చారు?”

“టెక్సాస్! టూరిస్ట్స్!” అంది వదిన. నేను గుమ్మం వైపు తిరిగాను. ముగ్గురం తేలు కుట్టిన దొంగల్లా బయటపడ్డాం.

కారులో వదిన నుదురు తుడుచుకుంటూనే ఉంది. “ఇంటికెళ్ళి తలస్నానం చేయాలి. అయినా మనిషి పోయి మూణ్ణెల్లేగా అయింది, అప్పుడే పెళ్ళి మాటలేమిటమ్మా వీళ్ళకి?”

నాకు మా అమ్మాయి “అంకుల్...” అంటూ మొదలుపెట్టి ఆగిపోయిన మాట అప్పుడు గుర్తొచ్చింది. మూణ్ణెల్ల కిందట అది రెండు వారాలు ఫోన్ సరిగ్గా ఎత్తలేదు. ఎత్తినా గొంతు బొంగురుగా ఉండేది. జలుబు చేసిందేమో, మిరియాల కషాయం తాగమన్నాను. కాబోయే మామగార్ని ఆసుపత్రిలో చూసుకుంటూ, పోతే ఏడుస్తూ ఉండి ఉంటుంది. నేను కషాయం చెప్పాను. నా మీద నాకే అసహ్యం వేసింది. చేపల పేగులు చూసినప్పటికన్నా ఎక్కువే.

వదిన ఆదివారం వెళ్ళిపోయింది. సోమవారం సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసింది. మామూలుగా వారానికి ఒకసారి చేసే పిల్ల.

“వీకెండ్ ఏం చేశారమ్మా?”

“ఏం లేదే. అత్త వచ్చింది, గుడికెళ్ళాం.”

అది అబద్ధం కూడా కాదు, ఐదో స్టాపు గుడే! నా తెలివికి నేనే మురిసిపోయాను, దిక్కుమాలిన తెలివి. మంగళవారం చేసింది, బుధవారం చేసింది. “ఇంకేంటమ్మా? ఎనీథింగ్?” అనేది. పెళ్ళి హడావుడిలో ఉంది, తల్లి మీద ప్రేమ పుట్టుకొచ్చిందనుకున్నాను. మా ఆయన ప్రతి రాత్రీ “చెప్పెయ్యరాదూ,” అనేవాడు. “మీరే చెప్పండి,” అనేదాన్ని. ఇద్దరం చెప్పలేదు.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాం. తలుపు తీసింది టీ కొట్టావిడే. ఆవిడ నన్ను చూసింది, మా ఆయన్ని చూసింది, తర్వాత రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని, “నైస్ టు మీట్ యూ,” అంది. అంత మామూలుగా అంది. నన్ను గుర్తుపట్టలేదనుకుని, అంత నీచంగా సంతోషించాను. నాకు నీచు వాసన పడదని మా అమ్మాయి చెప్పిందట, రెండు రోజులుగా ఆ ఇంట్లో చేప వండలేదట. పుట్టగొడుగులు, టోఫు, అన్నం, ఏవో ఆకుకూరలు. అడిగి అడిగి వడ్డించింది. అబ్బాయి నెమ్మదస్తుడు, ప్రతి మాటా తల్లికి వాళ్ళ భాషలో చెబుతున్నాడు. గోడ మీద ఆ పెద్దమనిషి ఫోటో ఉంది. నేను అటు తిరక్కుండా తిన్నాను.

వచ్చేటప్పుడు అమ్మాయి మమ్మల్ని కారు దాకా సాగనంపింది. మా ఆయన స్టీరింగ్ దగ్గర కూర్చున్నాక, నా వైపు తలుపు పట్టుకుని నిలబడింది.

“ఆంటీ ఆ శాటర్‌డే నాకు కాల్ చేసింది అమ్మా. నా ఫోన్‌లో నీ ఫోటో ఎప్పుడో చూసింది తను. ‘మీ అమ్మకి చెప్పకు, పాపం బాధపడుతుంది’ అంది. నేను వీక్ అంతా కాల్ చేశాను. నువ్వు చెప్తావేమో అని.”

ఏమన్నానో తెలుసా? “అదంతా మీ అత్త...” అన్నాను.

“అత్త నాకు ప్రామిస్ చేయలేదు అమ్మా.”

అరిస్తే బాగుండేది. నా కూతురే కదా, అరవడం రాకపోదు. అరవలేదు. నా సీట్ బెల్ట్ సరిచేసి, చీర కుచ్చిళ్ళు తలుపులో పడకుండా లోపలికి సర్దింది.

“డేట్ ఫిక్స్ అయ్యాక కార్డ్ పంపిస్తాం. నాన్న, నువ్వు తప్పకుండా రండి.”

మన పెళ్ళిళ్ళలో కార్డు కింద తల్లిదండ్రుల పేర్లుంటాయి. ఊరందర్నీ పిలిచేది వాళ్ళు. పెళ్ళికూతురి తల్లిని పెళ్ళికి రమ్మని పిలవడం నేనెక్కడా వినలేదు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, “అలాగేనమ్మా, వస్తాం,” అన్నాను, పక్కింటివాళ్ళు అన్నట్టు. అది తలుపు వేసి వెనక్కి నడిచింది. గుమ్మంలో ఆవిడ ఎదురుచూస్తోంది. దాని భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకెళ్ళింది.