ఖాళీగా రావాల్సిన డబ్బా

ఈ పరాయి దేశంలో, వెస్ట్‌మీడ్‌లో మా ఫ్లాటుకి ఎదురు తలుపు ఒక నర్సుది. జింబాబ్వే నుంచి వచ్చిన నల్లజాతి మనిషి. నలభై దాటి ఉంటాయి. ఇద్దరు పిల్లల్ని ఒంటరిగా పెంచుకుంటోంది. లిఫ్టు పాడైన రోజు మా బియ్యం బస్తా కూడా తనే మోసి పెట్టింది. బిల్డింగులో అందరూ ఆమెను ‘స్ట్రాంగ్ ఉమన్’ అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఎనిమిదో తరగతిలో బడి మానేసి, కిరాణా పొట్లాలు కట్టిన ఇంగ్లీషు పేపర్లు విప్పి చదువుకుని ఆ భాష నేర్చుకున్నవాణ్ణి. నన్నెవడూ స్ట్రాంగ్ అనలేదు.

ఆమధ్య వాళ్ళ దేశంలో ఆ నర్సు తల్లి పోయింది. ఈమె బయల్దేరేలోపే అక్కడ పూడ్చిపెట్టేశారట. మర్నాడే డ్యూటీకి వెళ్ళిపోయింది. సంగతి తెలిసి మా ఆవిడ గాభరాపడింది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు, ఇరుగుపొరుగే వండి పంపాలని ఆవిడ పుట్టింటి పట్టింపు. అన్నం, పప్పు డబ్బాలో సర్ది, తనకు ఇంగ్లీషు రాదు గనక నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది.

“ఎందుకివన్నీ ఆంటీ? ఐయామ్ ఫైన్,” అంది నర్సు. సాయంత్రానికల్లా డబ్బా తళతళా తోమి, నిండా వేరుశనగ ముద్ద కలిపిన ఆకుకూర పెట్టి తెచ్చిచ్చింది.

మా ఆవిడ మొహం మాడిపోయింది. మామూలు రోజుల్లో డబ్బా ఖాళీగా తిప్పి పంపితే తప్పు. చావింటి నుంచి మాత్రం ఖాళీగానే రావాలి. వాళ్ళు కడగను కూడా కడగకూడదు.

“చెప్పండి ఆ పిల్లకి. డబ్బా ఖాళీగానే పంపమనండి.”

చెప్పాను. నర్సు నవ్వింది. “అలా ఎలా అంకుల్? మా అమ్మమ్మ ఎవరి దగ్గరా ఊరికే ఏదీ తీసుకోలేదు. మా అమ్మా అంతే. మా ఇంటి ఆడవాళ్ళం ఏడవం, అడగం.”

“మరి వాళ్ళనెవరు చూసుకున్నారంట?” అంది మా ఆవిడ.

ఆ ప్రశ్న ఇంగ్లీషులో అప్పజెప్పాను. నర్సు తలుపు వేసుకుంది.

ఇక మా ఇంట్లో నా గోడు పట్టించుకునేవాళ్ళు లేరు. రోజూ డబ్బా వెళ్ళడం, నిండుగా తిరిగి రావడం. చారులో ఉప్పెక్కువైందంటే, “అయ్యో, ఆ పిల్ల ఎలా తిందో!” అంటుంది. నాది నాలుక కాదూ?

ఒక ఆదివారం డబ్బా మా గుమ్మం ముందు కనిపించింది. ఖాళీ. అడుగున పప్పు ఎండి అంటుకుపోయి ఉంది. దాన్ని చూసి మా ఆవిడ మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్ళుగా నేను ఊడ్చినట్టు తిన్న కంచాల్లో ఒక్కదాన్నయినా అలా చూసిందా? నన్ను రమ్మనకుండానే ఎదురింట్లోకి వెళ్ళిపోయింది.

భోజనాల వేళ దాటాక నేనే వెళ్ళాను. తలుపు ఓరగా తీసి ఉంది. నర్సు నేలమీద కూర్చుని, మా ఆవిడ ఒళ్ళో తలపెట్టి వెక్కి వెక్కి ఏడుస్తోంది. “స్ట్రాంగ్, స్ట్రాంగ్ అని అందరూ నన్నొదిలేశారు ఆంటీ. నేనూ ఎవర్నీ రానివ్వలేదు. ఇక నావల్ల కాదు,” అంటోంది ఇంగ్లీషులో. “ఏడువు తల్లీ, ఏడువు,” అంటూ మా ఆవిడ తెలుగులో వీపు నిమురుతోంది. దుబాసీతో వాళ్ళకి పనే లేదు.

“కుక్కర్లో అన్నం ఉంది, పెట్టుకోండి,” అంది మా ఆవిడ.

నర్సు తలెత్తింది. కళ్ళు తుడుచుకోలేదు. “అంకుల్, ఆంటీని ఇంకాసేపు ఉండనిస్తారా?”

ఎన్నడూ ఎవర్నీ ఏదీ అడగని మనిషి నోరు తెరిచి అడిగింది. అడిగిందీ నా భార్యని తన దగ్గర ఉంచమని. సరేనని తలూపి, ఇంటికొచ్చి కుక్కర్ మూత తీశాను.

చీకటి పడే వేళకు వచ్చింది మా ఆవిడ. ఉండబట్టలేక అడిగేశాను. “మా అమ్మ పోయినప్పుడు నా తల ఎవరు ఒళ్ళో పెట్టుకున్నారు?”

“మీరు పెట్టుకోనిస్తే కదా! షామియానా కింద కుర్చీలు సర్దుకుంటూ తిరిగారు.”

“అద్దె కుర్చీలు! ఎవరో ఒకరు చూసుకోవద్దూ?”

ఆవిడ వచ్చి సోఫాలో నా పక్కన కూర్చుంది. ఒళ్ళో చీర ఇంకా తడిగానే ఉంది. ఆ తడిని చూసి కుళ్ళుకున్నాను. ఇది రాస్తున్నప్పటికీ ఆ కుళ్ళు పోలేదు.