నీళ్ల మీద తేలిన ముక్క

నా మోకాళ్ల నొప్పుల గురించి అడుగుతారు, నా పాత ఫొటోలు చూసి పళ్లికిలిస్తారు. మీ చిన్నమ్మమ్మ గురించి ఒక్కళ్లన్నా నోరు తెరిచి అడిగారా? నా సొంత చెల్లెలర్రా! ఆ ఫోన్లు అవతల పడేసి కూర్చోండి.

అది ఆసుపత్రి ల్యాబులో ముక్కలు కోసేది. నవ్వితే వీపు పగులుతుంది. డాక్టర్లు రోగి ఒంట్లోంచి గోరంత కండ తీసి పంపితే, దాన్ని మైనంలో బిగించి, వెంట్రుక కంటే పల్చగా కోసి, గోరువెచ్చటి నీళ్లలో వదిలేది. ఆ పొర ముడతలు విప్పుకుని పైన తేలేది. గాజుపలక కిందనుంచి పెట్టి దాన్ని ఎత్తేది. తర్వాత మైనం కరగదీసి రంగులు వేసేది. ముందు నీలం, ఆనక గులాబీ.

ఒకసారి నన్ను తీసుకెళ్లి మైక్రోస్కోపులో చూపించింది.

"ఈ గదులన్నీ కణాలక్కా. మధ్యలో నీలం చుక్క ఉందే, అది కేంద్రకం. దాని మాటే ఇంట్లో చెల్లుతుంది."

"మరి ఈ ఖాళీ గదులేంటే, అద్దెకిస్తారా?"

"అది కొవ్వు. మందుల్లో కరిగిపోయి గోడలే మిగుల్తాయి. నీ దగ్గరైతే వీధంతా దొరుకుతాయి."

దాని నోరు అలాంటిది. చర్మం ఇటుకలు పేర్చినట్టు ఉంది, కండరం దువ్విన జుట్టులా ఉంది. నేను చదివింది రెండో తరగతి. అయినా తెలిసింది.

ఒక్కో రోగి ముక్క అయ్యాక నీళ్ల మీద కాగితం లాగి తుడవాలి. లేకపోతే ముందువాళ్ల తునక తర్వాతివాళ్ల గాజుకి అంటుకుంటుంది. ఇరవై ఏళ్లు తుడిచింది. ఒక్కరోజు మరిచిపోయింది.

ఆ రోజు ఒక టైలరమ్మ రొమ్ములోంచి తీసిన ముక్క వచ్చింది. గాజు చూసి డాక్టరు క్యాన్సరన్నాడు. రొమ్ము తీసేశారు, చంకలో గ్రంథులు కూడా తీసేశారు. తీసిందంతా మళ్లీ మా చెల్లెలి బల్ల మీదికే వచ్చింది. ఎంత కోసినా, ఎన్నిసార్లు రంగేసినా ఒక్క చెడ్డ కణం కనపడలేదు. పాత గాజు తీసి చూసింది. చెడ్డ కణాల తునక ఒక అంచున, మిగతాదానికి అతక్కుండా విడిగా ఉంది. అంతకుముందు కోసిన ఇంకో ఆవిడది.

డాక్టరుకి చెబితే, "జబ్బంతా మొదటి ముక్కతోనే వచ్చేసి ఉంటుందిలే. ఆవిడ బతికానని సంతోషంగా ఉంది, ఉండనీ" అన్నాడట.

అప్పుడు నా దగ్గరికొచ్చింది. నేనేమన్నానో చెప్పమంటారా?

"నోరు మూసుకో. ఉన్న ఉద్యోగం ఊడుతుంది."

"చంకలో కోసిన దగ్గర్నుంచి ఆవిడ చెయ్యి వాచిపోయిందక్కా. మిషన్లో బట్ట తొయ్యలేకపోతోంది."

"నువ్వెళ్లి చెబితే వాపు దిగుతుందా?"

మర్నాడు వెళ్లి చెప్పేసింది. టైలరమ్మ తిట్టలేదు, ఏడవలేదు. కూర్చోమని కూడా అనలేదట. ఒళ్లో ఉన్న జాకెట్టు ముందుకి తోసి, "కాజాలు కుట్టడం వచ్చా?" అంది.

"రాదు."

"నేర్చుకో."

ఆసుపత్రివాళ్లు దాన్ని కత్తి దగ్గర్నుంచి లేపి సీసాలు కడగడానికి వేశారు. పగలంతా సీసాలు, సాయంత్రమయ్యేసరికి టైలరమ్మ ఇల్లు. పదకొండేళ్లు కాజాలు కుట్టింది, హుక్కులు వేసింది, గుండీలు వేసింది. వేళ్లన్నీ సూదిపోట్లే.

"ఏం మాట్లాడుకుంటారే?" అన్నాను ఒకసారి.

"రెండు రంధ్రాల గుండీయా, నాలుగు రంధ్రాలదా అని."

"క్షమించానందా?"

"అనలేదు. రావద్దనీ అనలేదు."

నేను నోరు మూసుకోమన్న సంగతి మాత్రం అది ఎవరికీ చెప్పలేదు. ఇవాళ నేనే చెబుతున్నాను, వినండి.

ఒక రాత్రి మా ఇంట్లోనే, నిద్రలో మా చెల్లెలి గుండె ఆగింది. మూడోరోజు టైలరమ్మ వాచిన చేతికి గుడ్డ చుట్టుకుని మా గుమ్మంలో నిలబడింది.

"రెండురోజులైంది రాక. జ్వరమా?"

పోయిందమ్మా అన్నాను. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. గోడకానుకుని కూలబడిపోయింది. చీకటి పడేదాకా ఆవిడ పక్కనే కూర్చున్నాను.

పోయేనాటికి మా చెల్లెలికి యాభై నాలుగేళ్లు.